తెల్లనేల చంద్రుడి మీద లేదు

పటమట, విజయవాడ
18 జూన్ 2025

ఒరేయ్ సాంబమూర్తీ,

నీకు చెవులు పూర్తిగా పోయాయని మీ కోడలు ఫోన్‌లో చెప్పింది. వాట్సాప్‌లో వేలితో పొడవడం నీకూ రాదు, నాకూ రాదు. సరే, బందరు కాలేజీ సెలవుల్లో లాగా మళ్ళీ కాగితం మీదే మాట్లాడుకుందాం.

కూర్చుని చదువు. మన సినిమా దొరికింది.

"తెల్లనేల" ప్రింటు ఎక్కడా మిగల్లేదని ముప్పై ఎనిమిదేళ్ళుగా అనుకుంటున్నాం కదా. మొన్న మా ఆటోనగర్ షాపుకి శౌరయ్య అనే పెద్దాయన వచ్చాడు. ఒకప్పుడు కంకిపాడులో సినిమా హాలు ఆపరేటరు. హాలు మూతపడ్డాక కొడుకు వెల్డింగ్ షెడ్డులో కాలక్షేపం చేస్తున్నాడు. షెడ్డు మారుస్తుంటే అటక మీద పదమూడు రీలు డబ్బాలు బయటపడ్డాయట. డిస్ట్రిబ్యూటరు మనుషులు వాటికోసం ఎన్నడూ రాలేదు, పారేయడానికి ఈయనకి మనసొప్పలేదు. డబ్బా మీద నా పేరు చూసి వెతుక్కుంటూ వచ్చి, మా అమ్మాయి శ్రీదుర్గని "డైరెక్టరు మీ నాన్నగారేనా అమ్మా?" అని అడిగాడు. లారీ స్ప్రింగులు అమ్మే షాపులో నన్ను ఆ మాటతో పిలిచినవాడు ఇంతవరకు లేడు.

శ్రీదుర్గ ఊరుకుంటుందా? యూట్యూబ్‌లో వెతికింది. సినిమా లేదు, ట్రైలర్ మాత్రం ఉంది. ఎవరో పాత క్యాసెట్ నుంచి ఎక్కించారు. లక్షలమంది చూసి నవ్వుకున్నారట. నాకు చూపించబోతే వద్దన్నాను.

మనం తీసిందేమిటి? 2030లో కృష్ణా డెల్టా. ఏరు రాక, సముద్రం ఆగక, పొలాలన్నీ ఉప్పు పేరుకుని తెల్లబడిపోయిన ఊళ్ళు. ఉప్పుగాలికి తట్టుకోవడానికి తెల్లటి తొడుగులూ, మొహానికి గాజు ముసుగులూ వేసుకుని తిరిగే రైతులు. ఆ తొడుగులు చూపించి, ఎక్కడిదో రాకెట్ ముక్క అతికించి, ట్రైలర్‌లో మనవాళ్ళందర్నీ చంద్రమండలం ఎక్కించారు. జనం చంద్రుడికోసం వచ్చి, కంకిపాడు పక్కన ఎండిన కాలవ చూసి కుర్చీలు కోశారు.

ఇక్కడ ఒక కాలేజీలో సిద్ధార్థ అని లెక్చరరున్నాడు. పాత ట్రైలర్లు పోగుచేస్తాడు. సైన్సు సినిమాల ట్రైలర్లలో కథ జరిగే చోటు గురించి చెప్పిన అబద్ధాలు ఇంకెక్కడా ఉండవంటాడు. గుహలో తీసిన సినిమాని అంగారకుడని, లేబరేటరీలో జరిగే కథని సముద్రగర్భమని చెప్పినవి ఇరవైదాకా ఉన్నాయట అతని దగ్గర. మన సినిమా బాగుచేయించి కాలేజీలో ఆడిస్తానంటున్నాడు. అతనికి ఒక పేరు కావాలి. మద్రాసులో ఆ ట్రైలర్ కట్ చేసిందెవరు? నువ్వప్పుడు అక్కడే ఎడిటింగ్‌లో అసిస్టెంటువి కదా, గుర్తు చేసుకుని రాయి.

కోటేశ్వరరావు

పెడన
29 జూన్ 2025

ప్రియమైన కోటేశ్వరరావుకి,

ఉత్తరం అందింది. చాలా సంతోషం. శౌరయ్యగారికి నా నమస్కారాలు చెప్పు. అలాంటి మనుషులుండబట్టే కొన్ని వస్తువులు మిగులుతున్నాయి.

ఇక్కడ ముసురు పట్టి అద్దకం గుడ్డలు ఆరడం లేదు. మగ్గాలు రెండే ఆడుతున్నాయి. అబ్బాయి షాపు చూసుకుంటున్నాడు. నేను అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ నోళ్ళు చూసి ఏమంటున్నారో ఊహించుకుంటూ ఉంటాను. సగం తప్పే.

ట్రైలర్ సంగతి అడిగావు. ఇన్నేళ్ళ తరవాత ఆ పేరు తెలుసుకుని చేసేదేముంది? డిస్ట్రిబ్యూటరు పోయాడు, ఆ ఆఫీసూ లేదు. ఆ రోజుల్లో ట్రైలర్లు అంతే. సినిమా పూర్తికాకముందే నాలుగు ముక్కలిచ్చి రెండు రోజుల్లో తయారుచెయ్యమనేవాళ్ళు. కట్ చేసేవాడికి కథ కూడా తెలిసేది కాదు. సైన్సు సినిమా అంటే జనానికి రాకెట్ కావాలనేవాళ్ళు. ఎవరని చెబుతాం?

నా మాట వింటే ట్రైలర్ వెయ్యనివ్వకు. సినిమా కూడా, పాత ప్రింటు కదా, నలుగురిలో పెట్టేముందు ఆలోచించు.

పిన్నిగారు, అదే మీ అమ్మగారు, కనిపించే రీళ్ళు బాగున్నాయా?

నీ
సాంబమూర్తి

పటమట
20 జులై 2025

సాంబమూర్తీ,

నీ ఉత్తరం నువ్వు రాసినట్టు లేదు. కథ నీకు తెలియకపోవడమేమిటి, సగం రాసింది నువ్వైతే. కట్ చేసినవాడికి తెలియదని కదా అన్నావు, సరే, పోనీ.

రీళ్ళు ల్యాబుకి వెళ్ళి వచ్చాయి. ఏడోది, పదకొండోది అంటుకుపోయి పనికిరాలేదు. మిగతావి పుల్లటి వాసన కొట్టినా బతికాయి, కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇచ్చారు. అమ్మ ఉన్న రీళ్ళు బాగున్నాయన్నారు. నేనింకా చూడలేదు.

ట్రైలర్ మాత్రం చూడాల్సి వచ్చింది. సిద్ధార్థ ఇంటికి వెళితే గోడ మీద వేసి కూర్చున్నాడు. లేచిపోయేలోపు అయిపోయింది, రెండు నిమిషాలేగా. రాకెట్ నిప్పులు. మన ఉప్పుకొఠార్లు, ఆ తెల్లటి మడులు. మా అమ్మ మొహం. "ఇది భూమి కాదు" అంటుంది. ఆ మాట మీద కుయ్ కుయ్ మని ఏదో మోత. తరవాత డబ్బాలోంచి వచ్చినట్టు ఒక గొంతు: "చంద్రమండలంలో తొలి తెలుగు సంసారం. తెల్లనేల. త్వరలో."

ఆ గొంతు వృత్తిలో ఉన్నవాడిది కాదంటాడు సిద్ధార్థ. మైకు ముందు ఊపిరి పీల్చుకోవడం వినిపిస్తోందట. నాకూ ఎక్కడో విన్నట్టే ఉంది.

నీకెప్పుడూ చెప్పని సంగతొకటి చెబుతాను. మొదటిరోజు బెజవాడలో మ్యాట్నీకి అమ్మని తీసుకెళ్ళాను. జన్మలో నటించని మనిషి, నేను బతిమాలితే ఒప్పుకుని చేసింది. ఆవిడ తెరమీద కనపడగానే హాలంతా ఆమె కంటే ముందే "ఇది భూమి కాదు" అని అరిచారు. ట్రైలర్‌లో విని ఉన్నారుగా. ఆ నవ్వుల్లో ఆవిడ మాట ఒక్కటి వినిపించలేదు. పక్కకి చూస్తే అమ్మ కొంగు తలమీదికి లాక్కుని నేలచూపులు చూస్తోంది. ఇంటర్వెల్లో పక్క మెట్ల మీంచి దిగి వచ్చేశాం. ఊళ్ళో ఆవిడ పేరు చంద్రమండలం మాణిక్యమ్మ అయింది. కూరగాయల బండివాడు కూడా అలాగే పిలిచేవాడు. పోయేదాకా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మౌనమే నాకు శిక్ష. అందుకే మళ్ళీ కెమెరా ముట్టుకోలేదు.

ఇప్పుడు మళ్ళీ ఆవిణ్ణి ఆ హాల్లో కూర్చోబెట్టలేను. సిద్ధార్థకి వద్దని చెప్పేశాను. వచ్చే వారం డబ్బాలు శౌరయ్యకి తిరిగిచ్చేస్తాను. శ్రీదుర్గ నాతో మాట్లాడడం మానేసింది.

కోటేశ్వరరావు

పెడన
3 ఆగస్టు 2025

ప్రియమైన కోటేశ్వరరావుకి,

డబ్బాలు తిరిగి ఇవ్వకు. ముందు ఇది చదువు.

ఆ గొంతు నాది. ట్రైలర్ కట్ చేసింది నేను.

డిస్ట్రిబ్యూటరు నన్ను ఆఫీసుకి పిలిపించి, ఎండిన పొలాల బొమ్మకి జనం రారని, సైన్సు సినిమా అని రాసుకున్నారు కాబట్టి ఆకాశంలోకి తీసుకెళ్ళమని చెప్పాడు. మీవాడు ఒప్పుకోడు, నువ్వైతే కథ తెలిసినవాడివి అన్నాడు. తరవాతి సినిమాకి ఎడిటర్‌గా నా పేరు వేయిస్తానన్నాడు. నాకప్పుడు ముప్పై నాలుగేళ్ళు. ఆరేళ్ళుగా ఫిలిం ముక్కలు అతుకుతున్నాను. ఎలాగోలా జనాన్ని హాల్లోకి తెస్తే చాలు, సినిమా కూర్చోబెడుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం తెరమీద నా పేరు. ఆ పేరు ఎన్నడూ పడలేదు, నీకు తెలుసు.

పిన్నిగారి మాట ఎంచుకున్నదీ నేనే. స్క్రిప్టులో లేని మాట అది. ఉప్పుకొఠార్ల దగ్గర ఆవిడ తనంతట తను అన్నది, నువ్వు కట్ అనడం మర్చిపోయావు. "ఇది భూమి కాదు నాయనా, మీ నాన్న చెమటంతా ఉప్పయి పైకి తేలింది." ఎడిటింగ్ గదిలో ఆ మాట కోసం రీలు మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి వినేవాణ్ణి. అలాంటి మాటని మొదటి మూడు ముక్కల దగ్గర కత్తిరించాను. రాకెట్ కంటే అదే నేను చేసిన పాపం.

ఇక రెండోది. ఇది ఇంకా కష్టం.

బెజవాడలో ఆట పోయిన పదిహేను రోజులకి మన సినిమా బందరు వచ్చింది. నేను సెలవు మీద ఇంటికొచ్చి ఉన్నాను. ఒక మధ్యాహ్నం పిన్నిగారు ఒక్కరే బస్సు దిగి మా ఇంటికొచ్చారు. "సాంబమూర్తీ, ఆ బొమ్మ పూర్తిగా చూడాలి, తీసుకెళ్ళు" అన్నారు. వెళ్ళాం. హాల్లో ఇరవైమంది ఉంటారేమో. సముద్రం వైపు ఊళ్ళవాళ్ళు, ఉప్పుకొఠార్లలో పనిచేసేవాళ్ళు. ఒక్కరూ నవ్వలేదు. ఆవిడ మాట వచ్చినప్పుడు ముందు వరసలో ఒకాయన పక్కవాడితో "మా ఊరే" అన్నాడు. అప్పటికి నాకు చెవులు బాగానే ఉన్నాయి, స్పష్టంగా విన్నాను. పిన్నిగారు చివరిదాకా కూర్చున్నారు. తెర దించాక కూడా కాసేపు లేవలేదు. "నా కొడుకు మంచి పని చేశాడు" అన్నారు.

బయట సోడా తాగుతూ, ఆ రాకెట్ బొమ్మ చేసిందెవరని అడిగారు. నేనేనని చెప్పాను. ఆవిడ ఎదుట అబద్ధం రాలేదు. ఆవిడ సోడా పూర్తిచేసి సీసా తిరిగిచ్చారు. తరవాత ఇలా అన్నారు: "వాడికి నువ్వే చెప్పు. నేను చెబితే నా మొహం చూసి నిన్ను క్షమించేస్తాడు. అది నీకూ మంచిది కాదు, వాడికీ కాదు."

నేను రేపు, ఎల్లుండి అనుకున్నాను. మీ ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఆవిడ నా వంక ఒకసారి చూసేవారు. 2011లో ఆవిడ పోయిన రోజు కూడా చెప్పలేకపోయాను. ఆవిడ సినిమా చూసి సంతోషించారని నీకు చెప్పాలంటే మొదటి సంగతి చెప్పాలి. నా భయం కొద్దీ నీ తల్లి సంతోషాన్ని నీకు అందకుండా నా దగ్గరే దాచుకున్నాను. నువ్వు శిక్ష అనుకున్న ఆ మౌనం నేను మాట్లాడతానని ఆవిడ ఎదురుచూసిన మౌనం.

క్షమించమని అడగను.

సాంబమూర్తి

పటమట
30 ఆగస్టు 2025

ఉత్తరం అందింది.

అమ్మ ఒకసారి, మా నాన్న తద్దినం రోజున, "ఆ బొమ్మ పూర్తిగా చూస్తే బాగుంటుందిరా" అంది. నన్ను ఓదార్చడానికి అంటోందనుకుని, ఇంకెప్పుడూ ఆ పేరెత్తొద్దని కసిరాను. అన్నం ముందు నుంచి లేచిపోయాను కూడా.

ఆ ఒక్క పూట నాకు తెలిసి ఉంటే కూర్చుని ఆవిణ్ణి అడిగేవాణ్ణి. ఏం నచ్చిందమ్మా, ఎక్కడ బాగుందమ్మా అని. ఆ పూట నువ్వు నాకు తిరిగి ఇవ్వలేవు.

కొన్నాళ్ళు రాయొద్దు.

కోటేశ్వరరావు

పెడన
14 సెప్టెంబరు 2025

కోటేశ్వరరావుకి,

రాయొద్దన్నావు. ఒక్క మాట చెప్పి ఆగిపోతాను. నా మీద కోపంతో సినిమా ఆపొద్దు. ఎవరు కట్ చేశారని ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు. లేదంటే నేనే వచ్చి అందరి ముందూ నిలబడి చెబుతాను. ఈ ఉత్తరానికి జవాబు రాయకపోయినా ఏమనుకోను.

సాంబమూర్తి

పటమట
12 అక్టోబరు 2025

సాంబమూర్తీ,

నెలన్నర నీతో మనసులో పోట్లాడాను. నీకు చెవులు వినపడవు కాబట్టి అన్నీ నేనే గెలిచాను.

మొన్న శ్రీదుర్గ నన్ను అడగలేదు, చెప్పలేదు. షాపు కట్టేసే వేళకి కంప్యూటర్‌లో నాలుగో రీలు పెట్టి, కుర్చీ లాగి, కూర్చో నాన్నా అంది. చూశాను. అమ్మ కొఠారు గట్టు మీద నడుచుకుంటూ వస్తోంది. ఎడమకాలు కొంచెం ఈడుస్తూ, ఆ నడక అంతా అలాగే ఉంది. నేను మర్చిపోయాను రా ఆ నడక. ఫొటోల్లో నడకలుండవు కదా. తరవాత వంగి పిడికెడు ఉప్పుమట్టి తీసి ఆ మాట అంది, పూర్తిగా. చిత్రం చూడు, తీసినవాణ్ణి నేనే అయినా, ఆ మ్యాట్నీ తరవాత ఆ రెండో సగం నాకు గుర్తే రాలేదు. నా బుర్రలో కూడా అది నువ్వు కత్తిరించిన చోటే ఆగిపోయి ఉంది, హాల్లో నవ్వులతో.

శ్రీదుర్గ వాళ్ళ నాయనమ్మని చూస్తూ కూర్చుంది. చివర్లో, "నాన్నా, ఈవిడ సిగ్గుపడే మనిషిలా ఉందా నీకు?" అని అడిగింది.

లేదు. ఒక్కర్తీ బస్సెక్కి బందరు వెళ్ళి తన బొమ్మ తను చూసుకొచ్చిన మనిషి. నేనే ఇన్నేళ్ళూ ఆవిణ్ణి ఆ మ్యాట్నీలో, కొంగు చాటున కూర్చోబెట్టి ఉంచాను.

నవంబరు 9, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి కాలేజీ హాల్లో ఆట. సిద్ధార్థకి ఒప్పుకున్నాను. ట్రైలర్ కూడా వేస్తారు, ముందే. తరవాత నువ్వు లేచి మాట్లాడతావు. రాసి ఇస్తే ఎవరో చదవడం కాదు. నువ్వే.

కోటేశ్వరరావు

పెడన
12 నవంబరు 2025

ప్రియమైన కోటేశ్వరరావుకి,

ఇల్లు చేరి మూడు రోజులైంది. ఆ హడావిడిలో మనిద్దరం సరిగ్గా కూర్చున్నదీ లేదు. నువ్వు ఏదో అంటున్నావు, నాకు అర్థం కాలేదు, బస్సు వేళైంది.

ట్రైలర్ వేసినప్పుడు అందరి భుజాలూ కదలడం చూశాను. నవ్వుతున్నారని తెలిసింది. నేను ముందు కుర్చీ పట్టుకుని లేచాను. నా గొంతు నాకే వినపడదు కదా, గట్టిగా అరిచానో గొణిగానో తెలియదు. రాసి పెట్టుకున్నదంతా మర్చిపోయాను. ఇందాక మీరు విన్న గొంతు నాది, ఈ సినిమా చంద్రుడి మీద లేదు, ఇక్కడికి నలభై మైళ్ళలో ఉంది, ఆ ముసలమ్మగారి మాట నేను మధ్యలో కోశాను, ఇప్పుడు పూర్తిగా వినండి అని చెప్పినట్టు గుర్తు. సినిమా అయ్యాక ఎవరెవరో లేచి మాట్లాడారు. నోళ్ళు చూశాను గానీ దూరం. తిట్టారా? ఉన్నది ఉన్నట్టు రాయి.

సాంబమూర్తి

పటమట
18 నవంబరు 2025

ఒరేయ్ సాంబమూర్తీ,

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నువ్వు అరిచావు. వెనక వరస పిల్లలు చెవులు మూసుకున్నారు. ఈ గొంతు నాది అనగానే మళ్ళీ నవ్వారు, కానీ అది వేరే నవ్వు. ముసలమ్మగారి మాట కోశాను అన్నావు చూడు, అక్కడ ఆగిపోయింది. తరవాత గంటన్నర హాల్లో దగ్గు కూడా లేదు. రెండు రీళ్ళు లేనిచోట ఏం జరిగిందో సిద్ధార్థ తెరమీద నాలుగు లైన్లు రాయించాడు. జనం సర్దుకుపోయారు.

అమ్మ మాట వచ్చినప్పుడు నేను తెర చూడలేదు. తల తిప్పి జనాన్ని చూశాను. అందరూ విన్నారు, చివరి అక్షరం దాకా. శౌరయ్య నా పక్కన కూర్చుని ఉన్నాడు. కంకిపాడులో నాలుగు రోజులు ఆడించినప్పుడు, ఆ మాట దగ్గర రోజూ సౌండ్ ఒక గీత పెంచేవాణ్ణండీ అన్నాడు. నాకు తెలియకుండా అమ్మకి ఎంతమంది ఉన్నారో.

చివర్లో లేచిన పంచెకట్టు మనిషి అన్నదే నీకు ముఖ్యంగా రాయాలి. దివిసీమ రైతు. మేనల్లుడు ఆ కాలేజీలో చదువుతున్నాడట, సైన్సు సినిమా అని చెప్పి తీసుకొచ్చాడు. ఆయన అన్నాడు: "అయ్యా, మీరు దీన్ని 2030 అన్నారు. మా పొలంలో బోరు ఉప్పెక్కి ఆరేళ్ళయింది. ముసుగులు లేవు గానీ మిగతాదంతా మా ఇల్లే. మీరు ఇదంతా ముందే చెప్పారు, కానీ చంద్రమండలం అన్నారు కాబట్టి మేం చూడ్డానికి రాలేదు." అని కూర్చున్నాడు. కోపంగా అనలేదు. ఆయన మాట పూర్తయ్యాక హాలంతా లేచి నిలబడింది. నువ్వు చూసిన చప్పట్లు అవే. ఎవరూ తిట్టలేదు. సిద్ధార్థ యూట్యూబ్‌లో ఆ ట్రైలర్ కింద నీ పేరు, నువ్వు చెప్పిన నాలుగు మాటలు, అమ్మ పూర్తి మాట రాసి పెట్టాడు. ఆ రైతు వాళ్ళ ఊరి స్కూల్లో వచ్చే నెల సినిమా వెయ్యమన్నాడు. ఒప్పుకున్నాను.

బస్టాండులో నేనేదో అన్నానన్నావు. నీకు వినపడదని తెలిసే అన్నాను. ఇప్పుడు రాస్తున్నాను. నీ మీద కోపం పూర్తిగా పోలేదు. పోతుందో లేదో తెలియదు. అమ్మని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి గుర్తొచ్చినప్పుడల్లా నీ మీద మండుతుంది. కానీ గుండెల మీద నుంచి ఏదో దిగింది రా. అన్నం ముందు కూర్చుంటే అన్నం రుచి తెలుస్తోంది. అమ్మ నడక కళ్ళముందు ఆడుతూ ఉంటే షాపులో ఊరికే నవ్వుకుంటున్నానని శ్రీదుర్గ అంటోంది.

వచ్చే ఆదివారం నిన్ను భోజనానికి పిలవమని శ్రీదుర్గ పట్టుబట్టింది. బందరు హాల్లో నాయనమ్మ ఏ వరసలో కూర్చుంది, ఎక్కడ నవ్వింది, ఎక్కడ కళ్ళు తుడుచుకుంది, అన్నీ నీ నోట వినాలట.

నేనూ రమ్మంటున్నాను.

కోటేశ్వరరావు